ఆ శిక్ష మాకొద్దు!

తప్పు జరిగింది. రిఫరీ చూశాడు. నడుముకున్న పసుపు గుడ్డ తీసి మైదానంలోకి విసిరాడు. తప్పు చేసిన ఆటగాడు తల పట్టుకున్నాడు. స్టేడియం అంతా గోలగోల. ఇక శిక్ష పడటమే తరువాయి... అంతలో నష్టపోయిన జట్టు కోచ్ గీత బయటి నుంచే చెయ్యి అడ్డంగా ఊపేస్తాడు. ‘వద్దు, ఆ పెనాల్టీ మాకొద్దు!’ రిఫరీ రెండు చేతులూ నడుము దగ్గర అటూ ఇటూ ఆడించి అదే మాట మైకులో ప్రకటిస్తాడు. ఏమీ జరగనట్టే ఆట ముందుకు సాగిపోతుంది.

అమెరికన్ ఫుట్‌బాల్‌ని కొత్తగా చూసేవాళ్లు సరిగ్గా ఇక్కడే బుర్ర గోక్కుంటారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగిళ్లలో, క్రికెట్ చూస్తూ పెరిగిన నాన్న అక్కడే పుట్టిన కొడుకుని అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి. ‘‘అదేంట్రా, తప్పు అవతలివాళ్లదైతే మనవాళ్లు శిక్ష వద్దంటారేంటి?’’ కొడుకు టీవీ మీంచి చూపు తిప్పకుండానే జవాబిస్తాడు. ‘‘తీసుకుంటే థర్డ్ అండ్ ట్వంటీ డాడీ. వద్దంటే ఫోర్త్ డౌన్!’’ నాన్నకు అర్థమయ్యేది సున్నా.

నిజానికి ఆ ఒక్క ముక్కలోనే సగం ఆట ఉంది.

నాలుగు ఛాన్సులు, పది గజాలు

ఆట పేరు ఫుట్‌బాలే అయినా ఇది మన కబడ్డీలాంటి భూమి తగాదా. రెండు గోల్‌గీతల మధ్య వంద గజాల మైదానం. చెరో పదకొండుమంది. బంతి చేతిలో ఉన్న జట్టు దాన్ని మోసుకుంటూనో విసురుకుంటూనో అవతలి గీత దాకా పోవాలి. ఒక్కో ప్రయత్నాన్ని ‘డౌన్’ అంటారు. నాలుగు డౌన్లలో కనీసం పది గజాలు ముందుకెళ్తే మళ్లీ నాలుగు డౌన్లు ఇస్తారు. వెళ్లలేకపోతే బంతి అక్కడికక్కడే ప్రత్యర్థి చేతికి పోతుంది. అందుకే మూడు డౌన్లయ్యాక పని జరగకపోతే మామూలుగా నాలుగోసారి బంతిని దూరంగా తన్నేస్తారు. గోల్ దగ్గర్లో ఉంటే కర్రల మధ్య నుంచి తన్ని మూడు పాయింట్లు తెచ్చుకుంటారు. అదే ఫీల్డ్ గోల్. బంతితో గీత దాటితే వచ్చే టచ్‌డౌన్‌కి మాత్రం ఆరు.

‘థర్డ్ అండ్ ట్వంటీ’ అంటే ఇది మూడో ప్రయత్నం, ఇంకా ఇరవై గజాలు పోవాలి అని. ఈ రెండంకెలే ఆటకి నాడి. టీవీ తెర మీద స్కోరు పక్కన ఎప్పుడూ కనిపించేవి ఇవే.

ఈ లెక్క ఆట పుట్టినప్పటి నుంచీ ఉన్నది కాదు. 1881లో ప్రిన్స్‌టన్, యేల్ జట్లు ఆడిన ఓ ఆటలో ఒక సగమంతా ఒకరు, రెండో సగమంతా ఇంకొకరు బంతిని పట్టుకు కూర్చున్నారు. చూసేవాళ్లకి విసుగొచ్చింది. మరుసటేడు యేల్‌కి చెందిన వాల్టర్ క్యాంప్ డౌన్ల పద్ధతి తెచ్చాడు. అప్పట్లో మూడు డౌన్లు, అయిదు గజాలు. 1906లో దూరాన్ని పది గజాలు చేశారు. డౌన్లు నాలుగైంది 1912లో.

మరి తప్పు చేస్తే? చాలా తప్పులకి శిక్ష గజాల్లోనే. డిఫెన్స్ ఆటగాడు బంతి కదలక ముందే గీత దాటితే ఆఫ్‌సైడ్. అయిదు గజాలు. దాడిచేసే జట్టువాడు ప్రత్యర్థిని చేత్తో పట్టి ఆపితే హోల్డింగ్. పది గజాలు వెనక్కి నెట్టి, ఆ డౌన్‌ని మళ్లీ ఆడిస్తారు. అసలు మెలిక ఈ ‘మళ్లీ’లోనే ఉంది. శిక్ష ఒప్పుకుంటే అప్పటిదాకా జరిగింది చెరిగిపోతుంది. తప్పు చేసినవాడికి ఇంకో ఛాన్స్ దొరుకుతుంది! అందుకే నియమాల పుస్తకం నష్టపోయిన జట్టుకి ఓ హక్కు ఇచ్చింది. శిక్ష తీసుకోండి, లేదంటే ఆటలో వచ్చిన ఫలితాన్నే ఉంచుకోండి. ఏది లాభమైతే అది.

దక్కిన హక్కుని వాడుకోవాలా వద్దా అన్న తర్జనభర్జన మనకీ కొత్త కాదు. 2001 మార్చిలో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా 445 కొడితే మనవాళ్లు 171కే ఆలౌటయ్యారు. ఫాలోఆన్ ఆడించే హక్కు స్టీవ్ వాకి దక్కింది. ఆడించాడు. ఆ తర్వాత మన హైదరాబాదీ లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180 కొట్టడం, ఆస్ట్రేలియా 171 పరుగులతో ఓడిపోవడం అందరికీ తెలిసిన కథే. ఫుట్‌బాల్ కోచ్‌కి అలాంటి ప్రశ్న ఒకే ఆటలో నాలుగైదుసార్లు ఎదురుకావచ్చు. ఆలోచించుకోవడానికి రోజులూ గంటలూ ఉండవు. ఉండేవి కొన్ని సెకన్లే.

తేలికవి, తేలనివి

కొన్ని నిర్ణయాలకి కోచ్ అక్కర్లేదు. థర్డ్ అండ్ టెన్. బంతి దాడిచేసే జట్టు సొంత సగంలోనే ఉంది. విసిరిన బంతి నేలపాలైంది. పైగా హోల్డింగ్ చేశారు. డిఫెన్స్ ఏం చేయాలి? ఒప్పుకుంటే వాళ్లని పది గజాలు వెనక్కి నెట్టొచ్చు. కానీ మళ్లీ థర్డ్ డౌన్ ఆడతారు. వద్దంటే ఫోర్త్ అండ్ టెన్, ఇక బంతి తన్నేసుకోవాల్సిందే. ఇక్కడ ‘మాకొద్దు’ అనేది జాలి పడి కాదు. బంతి తమకే వచ్చేస్తుంటే గజాలెందుకు?

ఇప్పుడదే బంతిని తీసుకెళ్లి గోల్‌గీతకి 30 గజాల దూరంలో పెట్టి చూడండి. అన్నీ అవే. థర్డ్ అండ్ టెన్, బంతి నేలపాలు, హోల్డింగ్. వద్దంటే ఫోర్త్ డౌన్. కానీ వాళ్లు దూరంగా తన్నరు, ఫీల్డ్ గోల్‌కి తన్నుతారు. గోల్ కర్రలు గీతకి పది గజాల వెనక ఉంటాయి. బంతిని అందుకుని నిలబెట్టేది మరో ఏడెనిమిది గజాల వెనక. మొత్తం 48 గజాల కిక్. 2002 ఫిబ్రవరిలో సెయింట్ లూయిస్ ర్యామ్స్ మీద న్యూ ఇంగ్లాండ్ పేట్రియాట్స్‌కి మొట్టమొదటి సూపర్ బౌల్ కప్పు తెచ్చిపెట్టింది సరిగ్గా అంత దూరపు కిక్కే. చివరి క్షణంలో ఆడమ్ వినటియెరి కొట్టాడు. మరి ‘మాకొద్దు’ అని మూడు పాయింట్లు ఇచ్చేద్దామా? లేక పది గజాలు వెనక్కి నెట్టి, 58 గజాల కిక్ తన్నమందామా? అప్పుడు థర్డ్ అండ్ ట్వంటీ. ఇరవై గజాలు ఒక్క దెబ్బలో రావడం కష్టమే. కానీ ఓ పన్నెండు గజాలు సంపాదించినా వాళ్లు మొదటికంటే దగ్గర్నుంచి తన్నుతారు! ఇరవై అయిదు వచ్చాయా, అసలుకే మోసం.

ఈ ప్రశ్నకి ఒక్క జవాబంటూ లేదు. గాలి ఎటు వీస్తోంది? వాళ్ల కిక్కర్ కాలు ఎంత గట్టిది? మనం ఒక్క పాయింటు ముందున్నామా, ఎనిమిదా? గడియారంలో ఎంత మిగిలింది? మన డిఫెన్స్ కుర్రాళ్లు ఆయాసపడుతున్నారా? వీటిలో ఏ ఒక్కటి మారినా జవాబు తిరగబడుతుంది. ఆఖరి నిమిషంలో రెండు పాయింట్ల ఆధిక్యంలో ఉన్న కోచ్‌కి ఆ మూడు పాయింట్లే ప్రాణసంకటం. పద్నాలుగు పాయింట్లు ముందున్నవాడికి అవి లెక్కే కాదు. పైగా కిక్కర్లూ మారిపోయారు. ఒకప్పుడు 50 గజాలు దాటితే సాహసం. ఇప్పుడది మామూలు సంగతి. 2021లో బాల్టిమోర్ కిక్కర్ జస్టిన్ టక్కర్ 66 గజాల నుంచి కొట్టాడు. కర్రకి తగిలి ఎగిరి మరీ లోపల పడింది. అప్పటికి అదే రికార్డు. అలాంటి కాలు అవతల ఉంటే పది గజాలు వెనక్కి నెట్టడం గోడ కట్టడమేమీ కాదు.

దాడిచేసే జట్టుకీ ఇలాంటి చిక్కులుంటాయి. ఫస్ట్ అండ్ టెన్‌లో ఎనిమిది గజాలు వచ్చాయి, ఈలోపు డిఫెన్స్‌వాడు ఆఫ్‌సైడ్. శిక్ష తీసుకుంటే ఫస్ట్ అండ్ ఫైవ్. వద్దంటే సెకండ్ అండ్ టూ, బంతి మూడు గజాలు ముందు. అయిదు గజాలకి ఎక్కువ ఛాన్సులు మేలా, రెండు గజాలకి ఒక ఛాన్స్ తక్కువైనా ఫర్వాలేదా? సెకండ్ అండ్ టూ అంటే క్వార్టర్‌బ్యాక్‌కి మహా ఇష్టం. ఓ దూరపు బంతి విసిరి చూడొచ్చు. తప్పిపోయినా రెండు గజాల కోసం ఇంకో ప్రయత్నం ఉంటుంది. ఇద్దరు కోచ్‌లని అడిగితే రెండు జవాబులు రావచ్చు.

ఆఫ్‌సైడ్‌లో మరో తమాషా. డిఫెన్స్ తొందరపడిందని కనిపెట్టిన క్వార్టర్‌బ్యాక్ ఆట ఆపడు. మన నోబాల్‌కి బ్యాట్స్‌మన్ కళ్లు మూసుకుని ఊపినట్టు, అందినంత దూరం విసిరేస్తాడు. దొరికితే పండగ, శిక్ష వద్దంటారు. దొరక్కపోయినా, చివరికి ప్రత్యర్థే పట్టుకున్నా, శిక్ష తీసుకుని మళ్లీ ఆడతారు. గొంతు మార్చి అరుస్తూ డిఫెన్స్‌ని ముందుకు దూకించి ఇలాంటి ఉచిత బంతులు సంపాదించడంలో ఆరన్ రాడ్జర్స్ ఆరితేరినవాడు.

అన్నిట్లోకీ గుండె ఆగేది మరొకటి. ఫీల్డ్ గోల్ కొట్టారు, మూడు పాయింట్లు బోర్డెక్కాయి. అదే సమయంలో డిఫెన్స్ తప్పు చేసింది. దానికి శిక్ష ఫస్ట్ డౌన్ తెచ్చిపెట్టేలా ఉంది. తీసుకుంటే ఆ మూడూ చెరిపేయాలి. ఎదుట టచ్‌డౌన్ ఆశ. పాతకాలం కోచ్‌లు బోర్డెక్కిన పాయింట్లని దించకూడదనేవారు. మబ్బుల్లో నీళ్లు చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకున్నట్టు అవుతుందని వాళ్ల భయం. గోల్‌గీత రెండు మూడు గజాల దూరంలోకి వచ్చేసినప్పుడు మాత్రం ఆ భయానికి అర్థం లేదనే చెప్పాలి.

ఫోర్త్ డౌన్ మారింది, లెక్కా మారింది

ఈ తూకమంతా ఇన్నాళ్లూ ఒక నమ్మకం మీద నిలబడింది. ఫోర్త్ డౌన్ వచ్చిందంటే బంతి తన్నేస్తారు అన్నదే ఆ నమ్మకం. దాన్ని మొదట గిల్లినవాళ్లలో ఒకడు ఆటగాడే కావడం విశేషం. సిన్సినాటి బెంగాల్స్ క్వార్టర్‌బ్యాక్ వర్జిల్ కార్టర్, రాబర్ట్ మేకల్ అనే ఆచార్యుడితో కలిసి 1971లో ఓ పరిశోధన పత్రం రాశాడు. మైదానంలో బంతి ఎక్కడుంటే దానికి సగటున ఎన్ని పాయింట్ల విలువో అందులో లెక్కగట్టారు. సొంత గోల్‌గీతకి మరీ దగ్గరగా ఉన్న బంతి విలువ సున్నాకంటే తక్కువని తేలింది. అంటే చేతిలో ఉన్నా నష్టమే! 2006లో బర్క్‌లీ ఆర్థికవేత్త డేవిడ్ రోమర్ ఇంకో అడుగు వేశాడు. జట్లు నాలుగో డౌన్‌లో అవసరానికి మించి తన్నేస్తున్నాయనీ, చాలాచోట్ల ధైర్యం చేసి ఆడటమే లాభమనీ చూపించాడు.

కోచ్‌లు వెంటనే మారలేదు. ఎందుకు మారతారు? తన్నేసి ఓడితే ఆటగాళ్లని అంటారు, ఆడి ఓడితే కోచ్‌ని అంటారు. 2009 నవంబరులో పేట్రియాట్స్ కోచ్ బిల్ బెలిచిక్ ఇండియానాపోలిస్ మీద 34-28 ఆధిక్యంలో ఉండి, ఆట ముగియడానికి రెండు నిమిషాల ముందు, సొంత 28 గజాల గీత దగ్గర ఫోర్త్ అండ్ టూ ఆడించాడు. కాస్తలో తప్పింది. 35-34తో ఓడారు. లెక్కలు వేసినవాళ్లు కోచ్ చేసింది సబబేనన్నా వినిపించుకున్నవాళ్లు తక్కువ. అంతటి కోచ్‌నీ చీల్చి చెండాడారు. (మర్నాడు పేపర్లో తప్పు పట్టడం ఎప్పుడూ తేలికే.) కాలం తిరిగింది. 2018 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో అదే పేట్రియాట్స్ మీద ఫిలడెల్ఫియా ఈగల్స్ కోచ్ డగ్ పీడర్సన్, గీతకి గజం దూరంలో ఫోర్త్ డౌన్‌లో సులువైన మూడు పాయింట్లు వదిలేసి ఓ ఎత్తు వేశాడు. బంతి విసరాల్సిన క్వార్టర్‌బ్యాక్ నిక్ ఫోల్స్ బంతి పట్టుకుని టచ్‌డౌన్ చేశాడు. 41-33తో గెలిచారు.

ఇదంతా పెనాల్టీ దగ్గర ఎలా తగులుతుందంటే... థర్డ్ అండ్ టెన్‌లో ఏడు గజాలు వచ్చాయి, హోల్డింగ్ కూడా జరిగిందనుకుందాం. ఒకప్పుడు డిఫెన్స్ కళ్లు మూసుకుని వద్దనేది. ఫోర్త్ అండ్ త్రీ కదా, తన్నేస్తారు. ఇప్పుడు మైదానం మధ్యలో మూడు గజాలంటే చాలా జట్లు ఆడేస్తాయి. మూడు గజాలకి ఒక్క ఛాన్స్ ఇవ్వడం మేలా, ఇరవై గజాలకి ఒక ఛాన్స్ ఇచ్చి, తర్వాత తన్నించుకోవడం మేలా? నిన్నటిదాకా ప్రశ్నే కానిది ఇవాళ తలనొప్పి అయిపోయింది. ఎదుటి కోచ్ ఎంత తెగువగలవాడో తెలిస్తే తప్ప శిక్ష వద్దనడం ఎంత లాభమో తేలదు.

ఆ అంకే తప్పితే...

ఇంత తూకమూ రెండంకెల మీదే కదా. ఎన్నో డౌన్ అన్న అంకెే తప్పితే? తప్పింది. అదీ ఒక పెనాల్టీ వేసిన వెంటనే.

1940 నవంబరు 16. న్యూహాంప్‌షైర్ రాష్ట్రం, హానోవర్. సొంతగడ్డ మీద డార్ట్‌మత్, ఎదురుగా కార్నెల్. కార్నెల్ 18 ఆటలుగా ఓటమి ఎరగదు. అప్పటికింకా రిఫరీల దగ్గర గుడ్డలు లేవు, ఈలలూ బూరలే. (మరుసటేడు యంగ్స్‌టౌన్ కోచ్ డ్వైట్ బీడి తన భార్య ఇర్మా చేత ఎర్ర గుడ్డతో జెండాలు కుట్టించి రిఫరీలకిచ్చాడు. ఇవాళ్టి పసుపు గుడ్డకి అదే ముత్తాత.) ఆఖరి భాగంలో డార్ట్‌మత్ ఓ ఫీల్డ్ గోల్ కొట్టింది. 3-0. చివరి నిమిషంలో కార్నెల్ గోల్‌గీత ముంగిట్లోకి వచ్చేసింది. ఫస్ట్ డౌన్, సెకండ్, థర్డ్... మూడుసార్లు దూసుకెళ్లారు, గీత దాటలేదు. గడియారం ఆపడానికి టైమ్‌ఔట్ అడిగారు. కోటా అయిపోయింది. ఆలస్యం చేసినందుకు అయిదు గజాల పెనాల్టీ. గజాలు పోయాయే కానీ డౌన్ మారదు, నాలుగోదే. బంతి విసిరారు. డార్ట్‌మత్ వాళ్లు గోల్‌గీత వెనక దాన్ని నేలకూల్చారు. నాలుగూ అయిపోయాయి. గెలిచామనుకున్నారు.

రిఫరీ రెడ్ ఫ్రీసెల్ మాత్రం ఇది ఫోర్త్ డౌనే అని వేళ్లు చూపించాడు. అనుభవజ్ఞుడే, లెక్క తప్పాడు. దొరికిన అయిదో ఛాన్స్‌లో వాల్ట్ షోల్ విసిరిన బంతిని బిల్ మర్ఫీ అందుకున్నాడు. టచ్‌డౌన్, ఆపైన అదనపు పాయింటు. కార్నెల్ 7, డార్ట్‌మత్ 3. ఆట ముగిసింది.

గొడవ ముగియలేదు. కార్నెల్ వాళ్లే తమ ఆట తీసిన ఫిల్ము వేసుకుని చూశారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు... అయిదు. ఫ్రీసెల్ తన పొరపాటుని రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. కానీ ముగిసిన ఆట ఫలితాన్ని మార్చే అధికారం నియమాల ప్రకారం ఎవరికీ లేదు. కార్నెల్ ఊరుకుంటే గెలుపు వాళ్లదే, ఓటమి ఎరగని రికార్డూ వాళ్లదే. కోచ్ కార్ల్ స్నేవ్లీ, విశ్వవిద్యాలయ అధ్యక్షుడు ఎడ్మండ్ ఎజ్రా డే, క్రీడల డైరెక్టర్ జేమ్స్ లైనా కూర్చుని మాట్లాడుకున్నారు. సోమవారం హానోవర్‌కి టెలిగ్రామ్ వెళ్లింది. ఆ గెలుపు మాకొద్దు, విజయం మీదే అని. డార్ట్‌మత్ ఒప్పుకుంది. తర్వాతి శనివారం కార్నెల్ పెన్సిల్వేనియా చేతిలో 22-20తో మళ్లీ ఓడింది. ఈసారి మైదానంలోనే.

యాభై ఏళ్ల తర్వాత, 1990 అక్టోబరు 6న మిస్సోరీ మీద కొలరాడోకీ ఇలాగే అయిదో డౌన్ దొరికింది. 33-31తో గెలిచింది. వదులుకుంటారా అని అడిగితే కోచ్ బిల్ మెకార్ట్‌నీ ససేమిరా అన్నాడు. ఆ ఏడాది కొలరాడో జాతీయ చాంపియన్ల జాబితాకెక్కింది. 1940 నాటి ఆటకి మాత్రం రికార్డుల్లో ఇవాళ్టికీ ఉన్న స్కోరు డార్ట్‌మత్ 3, కార్నెల్ 0.